ఒకే తవుడు బస్తా, మూడు పశువులు: కోనసీమ మకాంలో ఒక గుర్రం కేసు

గేదెని మేపినట్టు గుర్రాన్ని మేపితే ఏమవుతుందో చెప్పే కేసు ఇది. డెల్టాలో గుర్రాలు తక్కువే. అయినా ఈమధ్య పెళ్లి ఊరేగింపుల కోసం కొందరు, సరదా కోసం కొందరు కొబ్బరితోటల్లో ఒకటో రెండో కట్టేసుకుంటున్నారు, వాటిని చూసుకునేవి మాత్రం తరతరాలుగా పాడి చేసిన చేతులే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, వెటర్నరీ చదివే పిల్లలకీ గుర్రం పెంచుకునేవాళ్లకీ పనికొస్తుంది. యజమానికి చెప్పే రాస్తున్నాను గానీ ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు. రావులపాలెం చుట్టుపక్కల, గౌతమి గట్టుకి ఇవతల అనుకోండి చాలు.

మకాం అంటే ఎకరంన్నర కొబ్బరితోట, అందులో అరటి అంతరపంట, ఒక మూల బోదె పక్కన సూపర్ నేపియర్ గడ్డి మడి, మధ్యలో రేకుల పాక. పాకలో రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలు, ఒక పెయ్యదూడ, కాసిని మేకలు, దసరాకని పెంచుతున్న ఒక విత్తులు కొట్టించిన మేకపోతు, లెక్కకి దొరకని నాటుకోళ్లు, ఒక కుక్క. పాక చివర గుంజకి ఆడగుర్రం, మార్వారీ పోలికలున్నది, ఎనిమిదేళ్ల వయసు. కాటా మీద ఎక్కించే వీల్లేదు కాబట్టి టేపుతోనే బరువు చూశాను. ఛాతీ చుట్టుకొలతని దానితోనే గుణించి, ఆ వచ్చినదాన్ని ఒంటి పొడవుతో గుణించి (అన్నీ సెంటీమీటర్లలో), 11,880తో భాగిస్తే దాదాపు కిలోలు వస్తాయి. ఈ గుర్రానికి 320 వచ్చింది. గుర్రానికి మందు గానీ మేత గానీ చెప్పేముందు ఈ లెక్క వెయ్యకపోతే మిగతాదంతా ఊహే.

ఫిర్యాదు ఏమిటంటే, రెండు నెలలుగా కుంటుతోంది. ఒకరోజు ముందు ఎడమ కాలు, వారం పోయాక వెనక కుడి, ఇంకోసారి ఏ కాలో తెలీకుండా మొత్తం బిగుసుకుపోయినట్టు నడక. ఎవరో లాడం సరిగ్గా లేదన్నారు, లాడాలు ఊడదీయించారు. ఎవరో నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారు, రెండు రోజులు బాగుంది, ఆ రెండు రోజుల్లోనే ఒక పెళ్లికి తీసుకెళ్లారు, బ్యాండు ముందు గంతులు వేయించారు, తిరిగొచ్చాక మరీ లేవలేకపోయింది. "దిష్టి తగిలిందంటున్నారు సార్, నిమ్మకాయలు కూడా కట్టాం" అన్నాడు యజమాని. ముప్పై అయిదేళ్లవాడు, హైదరాబాదులో ఉద్యోగం మానేసి తోటకొచ్చాడు, గుర్రమంటే ప్రాణం. ఆ ప్రాణం ఎంతో గుర్రం ఒంటి మీద చూస్తేనే తెలుస్తోంది, నిగనిగలాడే వెంట్రుకలు, నిండుగా ఉన్న పక్కలు. జబ్బు గుర్రంలా లేదు. ఈ జబ్బులో మోసం అక్కడే ఉంది.

ముందు పాకలో రోజు ఎలా గడుస్తుందో అడిగాను. కుంటుతున్న గుర్రం దగ్గర నిలబడి మేత గురించి అడిగితే జనం విసుగ్గా చూస్తారు, కాలు చూడవేంటి అన్నట్టు. చెప్పింది యజమాని కాదు, వాళ్ల అమ్మగారు. పాక ఆవిడది. తెల్లారకముందే లేచి పేడ తీసి, రాత్రి నానబెట్టిన తవుడులో ఇంటి కుడితి, బియ్యం కడుగు కలిపి రెండు గేదెలకీ తొట్టెలో పోసి, అవి తాగుతుంటే పాలు తీస్తుంది. అదే బానలోంచి ఒక బకెట్టు గుర్రానికి, అడుగున మిగిలింది మేకలకి. తర్వాత కొడుకు నేపియర్ కోసుకొచ్చి చాఫ్‌కట్టర్‌లో వేస్తాడు, అందరికీ అదే. మధ్యాహ్నం ఎండుగడ్డి, అంటే వరిగడ్డి, మేటులోంచి లాగి పరుస్తారు. సాయంత్రం మళ్లీ కుడితి. "మా ఇంట్లో ఎవరికీ తక్కువ చెయ్యమండీ డాక్టరు బాబూ, గేదె ఎంతో గుర్రమూ అంతే" అంది. లీటరు డబ్బాతో కొలిచి చూపించమన్నాను. గుర్రానికి రోజుకి మూడు కిలోలకి అటూఇటూగా తవుడు పోతోంది, పదిహేను కిలోల పచ్చి నేపియర్, మూడు నాలుగు కిలోల వరిగడ్డి. ఉలవలు పెళ్లిళ్లున్న రోజుల్లో మాత్రమే.

తవుడు ఇంత ఎందుకు అలవాటైందో కూడా ఆవిడే చెప్పింది. అంతకుముందు ఒక ఈతలో పెద్ద గేదె ఈనిన మూడో వారంలో కాఫీ రంగులో మూత్రం పోసింది, ఒక్కసారిగా పాలు తగ్గిపోయి మనిషి నిలబెడితే నిలబడే స్థితికి వచ్చింది. వచ్చిన డాక్టరు ఫాస్ఫరస్ ఇంజెక్షన్లు చేసి బతికించి, ఇకమీదట తవుడు బాగా పెట్టమ్మా అని చెప్పి వెళ్లాడు. సరైన సలహా. బాగా పాలిచ్చే గేదెకి ఈనాక రక్తంలో ఫాస్ఫరస్ పడిపోతే ఎర్రకణాలు చిట్లి మూత్రం ఎర్రగా, నల్లగా వస్తుంది, వరిగడ్డి మీద బతికే మన డెల్టా గేదెల్లో ఇది తెలిసిన జబ్బే. తవుడులో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది. ఆవిడకి ఆ సలహా గేదె వరకే అని తోచే అవకాశం లేదు, గుర్రం వచ్చినప్పుడు దాన్నీ ఆ బాన దగ్గరే నిలబెట్టింది.

ఇక పరీక్ష.

జ్వరం లేదు. నాడి, శ్వాస మామూలు. కనురెప్ప లోపల గులాబీ రంగు. గిట్టలు నాలుగూ పట్టుకుని చూశాను, వేడి లేదు, గిట్ట పైన వెనక వైపు నాడి కొట్టుకోవడం ఎక్కువగా లేదు, పట్టకారుతో నొక్కితే ఉలిక్కిపడలేదు. కాబట్టి ధాన్యం ఎక్కువ తిని గిట్టలు వాచే లామినైటిస్ కాదు. చెవులు, తోక వదులుగా ఉన్నాయి, మూడో రెప్ప పైకి రావట్లేదు, ధనుర్వాతం కాదు. కానీ నడిపిస్తే కీళ్ల దగ్గర ఎక్కడ నొక్కినా ముడుచుకుంటోంది, వీపు మీద అరచేతితో ఒత్తితే కుంగిపోతోంది. దవడ కింద ఎముక రెండు వైపులా మొద్దుగా, గుండ్రంగా తగిలింది. మామూలుగా అక్కడ అంచు పదునుగా ఉండాలి. కంటికీ ముక్కుకీ మధ్య, చెంప ఎముక గట్టుకి పైన, రెండు పక్కలా గట్టి ఉబ్బు. చీము గడ్డలా వేడిగా లేదు, నొక్కితే లొట్ట పడదు, ఎముకే పెరిగినట్టు. పంటి వేరు చీముపడితే ఒక పక్కే ఉబ్బుతుంది, ఆ వైపు ముక్కులోంచి కంపుకొట్టే చీమిడి వస్తుంది. ఇక్కడ అదేమీ లేదు. తొట్టె కింద చూస్తే సగం నమిలి వదిలేసిన గడ్డి ఉండలు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు, కోళ్లు చెదరగొట్టేస్తున్నాయి.

అప్పుడే గుర్రం మూత్రం పోసింది, నీళ్లలా తేటగా. "మూత్రం మాత్రం భలే స్వచ్ఛంగా ఉంటుంది సార్, ఇదివరకు మజ్జిగలా పోసేది, ఇప్పుడు ఒంట్లో వేడి తగ్గింది" అన్నాడు యజమాని సంతోషంగా. నాకు అనుమానం బలపడింది ఆ మాటతోనే. ఆరోగ్యంగా ఉన్న గుర్రం మూత్రం చిక్కగా, మసకగా ఉండాలి. గుర్రం పేగు మేతలోని కాల్షియాన్ని అవసరానికి మించే పీల్చుకుంటుంది, మిగిలినదాన్ని మూత్రపిండాలు కాల్షియం కార్బొనేట్ నలుసులుగా బయటికి పంపేస్తాయి. ఆ మజ్జిగ రంగు అదే. తేటబడిందంటే పారబోయడానికి కాల్షియం మిగలట్లేదని అర్థం. బాగా నీళ్లు తాగినా కొంత తేటబడుతుంది గనక ఒక్కరోజు చూసి తేల్చకూడదు, నెలల తరబడి అలాగే ఉంటే తేల్చొచ్చు.

అయినా సర్రా, అంటే జోరీగలు మోసుకొచ్చే రక్తపరాన్నజీవి జబ్బు, దాని సంగతి తేల్చకుండా ఆ పాక వదల్లేదు. వానలు తగ్గాక జోరీగలు విజృంభించే మన ప్రాంతంలో, పక్కనే గేదెలున్న చోట గుర్రం నీరసపడి వెనక కాళ్లు తూలితే మొదటి అనుమానం దాని మీదే పెట్టుకోవాలి. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు జబ్బుపడ్డ గుర్రాల, ఒంటెల రక్తంలో ఈ పరాన్నజీవిని చూశాడు, అందుకే దానికి ట్రిపనోసోమా ఎవాన్సీ అని పేరు. గేదె ఒంట్లో ఏ లక్షణం చూపించకుండా ఉండిపోయి, జోరీగ కాటుతో గుర్రంలోకి వెళ్తే వారాల్లో పడుకోబెట్టేస్తుంది. వచ్చిపోయే జ్వరం, రక్తహీనత, పొట్ట కింద, కాళ్లకి నీరు. కుక్కకి వస్తే కంటి గుడ్డు నీలం తెల్లగా మసకబారుతుంది, కాబట్టి ఇలాంటి మకాంలో కుక్క కళ్లు కూడా చూడండి, ఖర్చులేని పరీక్ష. ఇక్కడ కుక్క కళ్లు శుభ్రం, గాజుపలక మీద పూసి చూసిన గుర్రం రక్తంలో (స్మియర్‌లో) ఏమీ లేదు, యజమాని రోజూ రెండుపూటలా ఉష్ణోగ్రత రాసి పంపించాడు, ఎక్కడా జ్వరం లేదు, రక్తంలో ఎర్రకణాల వంతు (పీసీవీ) 34 శాతం. సర్రా కొట్టేశాను.

రక్తం ల్యాబుకి పంపిస్తే అక్కడ ఇంకో తమాషా. సీరం కాల్షియం 11.6 (డెసిలీటరుకి మిల్లీగ్రాములు) వచ్చింది, పక్కన 'ఎక్కువ' అని బాణం గుర్తు. యజమాని వెంటనే ఫోను, "కాల్షియం ఎక్కువైందట సార్, మీరేమో తక్కువన్నారు". ఆ షీటు మీద ముద్రించిన హద్దులు ఆవులవి. గుర్రానికి 11 నుంచి 13.5 వరకు మామూలే, ఆ లెక్కన ఇది కింది అంచున ఉంది. అసలు ఈ జబ్బులో రక్తంలో కాల్షియం చూసి నిర్ధారణ చెయ్యలేం. మేతలో ఫాస్ఫరస్ పొంగిపొర్లి కాల్షియం అందకపోతే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తూ అంకె పడిపోకుండా కాపాడుతుంది. బయట అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల ఎముక గుల్లవుతుంది, ఖాళీ అయిన చోట పీచు కణజాలం నిండుతుంది. దవడ, ముఖం ఎముకల్లో ఆ పీచు ఉబ్బి తల పెద్దదైనట్టు కనిపిస్తుంది కాబట్టే దీన్ని బిగ్ హెడ్ అంటారు. పుస్తకాల్లో ఫైబ్రస్ ఆస్టియోడిస్ట్రఫీ. యూరప్‌లో పిండిమిల్లుల వాళ్లు బండి గుర్రాలకి తవుడే మేపేవాళ్లు, అక్కడ మిల్లర్ల జబ్బని పాత పేరు. ఇన్ని రైసుమిల్లులున్న జిల్లాల్లో మనకి ఇది కొత్తగా అనిపించడానికి కారణం గుర్రాలు లేకపోవడమే.

నిజంగా పనికొచ్చిన పరీక్ష మూత్రానిది. ఒకే పూట రక్తమూ మూత్రమూ తీసి, రెండిట్లోనూ ఫాస్ఫరస్, క్రియాటినిన్ చూడమంటే మనుషుల ల్యాబు కూడా చేసి ఇస్తుంది. మూత్రంలో ఫాస్ఫరస్‌ని రక్తంలో ఫాస్ఫరస్‌తో భాగించి, దాన్ని రక్తం క్రియాటినిన్ బై మూత్రం క్రియాటినిన్‌తో గుణించి నూటికి లెక్కేస్తే, మామూలు గుర్రంలో ఒక శాతం కూడా ఉండదు. 4 దాటితే మేతలో ఫాస్ఫరస్ ఎక్కువైనట్టే. ఇక్కడ స్పష్టంగా దాటింది. ఎముకలో మార్పులు ఎక్కువైతే రక్తంలో పెరిగే ఎంజైము, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పెరిగి ఉంది. ఎక్స్‌రే తీయించలేదు, ఎముకలో దాదాపు మూడోవంతు ఖనిజం పోతే గానీ ఫిల్ములో తేడా తెలీదు, దానికోసం ఈ గుర్రాన్ని ట్రక్కెక్కించి గతుకుల రోడ్ల మీద తిప్పడం కాళ్లు విరగ్గొట్టడమే.

ఇప్పుడు తొట్టె లెక్క. యజమానికి పాక గోడ మీద బొగ్గుతో రాసి చూపించాను, కాగితం మీద రాస్తే పోతుంది. 320 కిలోల పెద్ద గుర్రానికి పనేమీ లేకపోయినా రోజుకి కనీసం సుమారు 13 గ్రాముల కాల్షియం, 9 గ్రాముల ఫాస్ఫరస్ కావాలి. కాల్షియం ఎప్పుడూ ఫాస్ఫరస్ కంటే తక్కువ కాకూడదు, ఒకటిన్నర రెట్లు ఉంటే మంచిది. తవుడులో ఫాస్ఫరస్ నూటికి ఒకటిన్నర పైనే, కాల్షియం పదోవంతు శాతం. అంటే మూడు కిలోల్లో ఫాస్ఫరస్ 45 గ్రాములు దాటుతుంది, కాల్షియం మూడు గ్రాములు. సగానికి సగం కాదు, పదిహేను రెట్ల తేడా. తవుడు ఫాస్ఫరస్‌లో చాలాభాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, గుర్రం దాన్ని పూర్తిగా జీర్ణించుకోలేదు, కానీ ఆ ఫైటేట్ ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టేసుకుంటుంది.

అక్కడితో అయిపోలేదు. నేపియర్‌లో కాల్షియాన్ని కట్టేసే ఆక్సలేట్ ఉంటుంది, లేత గడ్డిలో మరీ ఎక్కువ, పొడి పదార్థంలో 2 నుంచి 3 శాతం మామూలే. యూరియా చల్లి నెలలోపే కోస్తే మరీ పెరుగుతుంది, మనవాళ్లు సరిగ్గా అలాగే కోస్తారు. పదిహేను కిలోల పచ్చిగడ్డిలో నీరు పోగా మూడు కిలోలు, అందులో ఆక్సలేట్ 60 నుంచి 90 గ్రాములు. ప్రతి 2.2 గ్రాముల ఆక్సలేట్ ఒక గ్రాము కాల్షియాన్ని కరగని ఉప్పుగా కట్టేస్తుంది. అంటే ఆ గడ్డి తనలో ఉన్న కాల్షియం పోగా ఇంకా బాకీ పెడుతోంది. వరిగడ్డిలోనూ కొంత ఆక్సలేట్ ఉంది.

మరి గేదెలకి ఏమీ కాలేదేం అని ఆవిడ అడిగింది. సరైన ప్రశ్న. గేదె పెద్దపొట్టలో సూక్ష్మజీవులు ఉంటాయి, అలవాటయ్యాక అవి ఆక్సలేట్‌ని విరగ్గొట్టేస్తాయి, ఫైటేట్‌ని కూడా విడగొడతాయి, ఆ తర్వాతే మేత పేగులోకి వెళ్తుంది. గుర్రంలో సూక్ష్మజీవులున్న పెద్దపేగు చివర్న ఉంది, కాల్షియం పీల్చుకునే చిన్నపేగు దానికంటే ముందు. విడుదలయ్యే సరికి పీల్చుకునే చోటు దాటిపోయి ఉంటుంది. పైగా మిల్లు తవుడులో నూనె ఉంటుంది, పది శాతానికి పైనే. ఆ నిగనిగలాడే వెంట్రుకలు ఆ నూనె వల్లే. ఇంటిల్లిపాదీ ఆ మెరుపు చూసి మురిసిపోయి తవుడు ఇంకో డబ్బా పెంచారు.

చికిత్స

ఇక్కడ నాకూ ఆ కుటుంబానికీ కొంచెం గొడవైంది. వాళ్లకి సెలైన్ కావాలి. మన దగ్గర పశువుకైనా మనిషికైనా సీసా వేలాడదీస్తే గానీ వైద్యం జరిగినట్టు ఉండదు. గేదెకి పాలజ్వరంలో ఎక్కించే కాల్షియం సీసా గుర్రానికీ ఎక్కించమని పట్టుబట్టారు. రక్తంలో కాల్షియం తక్కువలేని గుర్రానికి నరంలో కాల్షియం ఎక్కిస్తే ఎముకకి చేరేది లేదు, గుండె లయ తప్పే ప్రమాదం మాత్రం ఉంది. విటమిన్ డి ఇంజెక్షన్ కూడా వద్దన్నాను, కోనసీమ ఎండలో నిలబడే గుర్రానికి డి లోటు రాదు, ఎక్కువైతే మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో సున్నం పేరుకుంటుంది. "పోనీ బాబూ, గేదె పాలు పోస్తే?" అంది పెద్దావిడ. లీటరుకి రెండు గ్రాములు కూడా రాదు అమ్మగారూ, ఆ పాలు అమ్ముకోండి, ఆ డబ్బుల్లో పదోవంతుతో నెలకి సరిపడా కాల్షియం వస్తుంది అన్నాను. ఆ లెక్క ఆవిడకి వెంటనే నచ్చింది.

కాల్షియం ఎక్కడ దొరుకుతుందంటే కోళ్లమేత దుకాణంలో. మండపేట, అనపర్తి, తణుకు వైపు గుడ్ల కోళ్లఫారాలు ఎన్నున్నాయో చెప్పక్కర్లేదు, గుడ్డు పెంకు కోసం ఆ కోళ్లకి వాడే కాల్సైట్ పొడి బస్తాలకి బస్తాలు ఉంటుంది. అది కాల్షియం కార్బొనేట్, బరువులో 38 శాతం దాకా కాల్షియం. గుల్లసున్నం వాడొద్దు, అది నోరు కాలుస్తుంది. రోజుకి 100 గ్రాముల కాల్సైట్, 50 గ్రాముల డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) రాశాను. తవుడు ఆపేశాక ఎముక మళ్లీ కట్టుకోవడానికి కొంత ఫాస్ఫరస్ కూడా కావాలి కాబట్టి డీసీపీ. మొత్తం కలిపి కాల్షియం 50 గ్రాముల చిల్లర.

ఒక హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాలతో రాసినట్టు చదువుకోండి. కోళ్లమేత దుకాణంలో పొడి కొనండి గానీ కోళ్లమేత కొనకండి, మిగిలిపోయిన బ్రాయిలర్ మేతా ప్రీమిక్సూ గుర్రానికి పెట్టకండి. కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి రాకుండా వాటిలో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటివి కలుపుతారు. కోడికి అది మందు, గుర్రానికి కిలో బరువుకి రెండు మూడు మిల్లీగ్రాముల మోనెన్సిన్ చాలు గుండె కండరం చచ్చిపోవడానికి. ఈ కేసులోనే దుకాణంవాడు "ఇందులో కాల్షియం కూడా ఉంటుందండీ, ఇదే పెట్టెయ్యండి" అని ఒక ప్రీమిక్స్ ప్యాకెట్టు చేతిలో పెట్టాడు. యజమాని లేబుల్ ఫోటో పంపించి అడిగాడు, అది గుర్రం అదృష్టం.

మేత మార్పు ఒక్కరోజులో చెయ్యలేదు, కడుపునొప్పి వస్తుంది. పది రోజుల్లో తవుడు పూర్తిగా తగ్గించాం. నేపియర్ స్థానంలో గరిక, గట్ల మీదా కొబ్బరిచెట్ల నీడలోనూ కావాల్సినంత ఉంది, ఆక్సలేట్ తక్కువ, గుర్రానికి ఇష్టం కూడా. సార్వా కోతల తర్వాత చేలల్లో చల్లే పిల్లిపెసర ఎండబెట్టి దాచుకోమన్నాను, పప్పుజాతి మేతలో కాల్షియం బాగుంటుంది. జనుము వద్దు, ఆ జాతి మొక్కల్లో, ముఖ్యంగా గింజల్లో, గుర్రం కాలేయాన్ని తినేసే విషాలుంటాయి. సుబాబుల్ కూడా వద్దు, దానివల్ల జూలూ తోకా రాలిపోతాయి, పెళ్లి గుర్రానికి అంతకంటే నష్టం ఏముంది. ఇంక ఉలవలు, రోజుకి కిలో, ఉడికించి. ఉలవల్లో కాల్షియం, ఫాస్ఫరస్ ఇంచుమించు సమానం. ఇవన్నీ విన్నాక పెద్దావిడ ముఖం వెలిగింది, ఎందుకంటే ఉలవలు ఉడికిస్తే ఆ కట్టుతో ఇంట్లో ఉలవచారు. పూర్వం ఎడ్లున్న ఇళ్లలో చారు మనుషులకి, గుగ్గిళ్లు ఎడ్లకి వెళ్లేవి, ఇప్పుడు ఆ పాకలో గుర్రానికి వెళ్తున్నాయి.

కాల్సైట్ పొడి గుర్రం ఊరికే తినదు, ముక్కుతో ఊదేస్తుంది. తడి గుగ్గిళ్లలో పొడీ పిడికెడు బెల్లం తురుమూ కలిపి ముద్దలా చేస్తే తింటుంది. మొదట్లో సగం కింద పారబోసింది, దాన్ని కోళ్లు శుభ్రంగా ఏరుకుతిన్నాయి, గుడ్డు పెంకులు గట్టిపడ్డాయని ఆవిడ నాకు గుడ్లు కూడా ఇచ్చింది. ఉప్పుగడ్డ వేలాడదీయించాం. గేదెలకిచ్చే యూరియా ఇటుక గుర్రానికి అందకుండా దూరం పెట్టించాను.

పని పూర్తిగా బంద్. ఇదే వాళ్లకి అన్నిటికంటే కష్టమైంది, కార్తీకం, మాఘం పెళ్లిళ్ల అడ్వాన్సులు వెనక్కివ్వాల్సి వచ్చింది. నొప్పి మాత్ర ఇచ్చి ఒక్క ఊరేగింపు కానిద్దాం అన్నాడు యజమాని. గుల్లబారిన ఎముకకి నొప్పే కాపలా, అది తీసేసి పెళ్లికొడుకుని ఎక్కించి డప్పుల ముందు ఎగిరిస్తే కాలు విరగొచ్చు, ఎముక నుంచి స్నాయువు ఊడి రావొచ్చు, పైనున్న పెళ్లికొడుకు సంగతి వేరే చెప్పాలా. ఆరు నెలలు మనిషి ఎక్కకూడదు, రోజూ మెత్తటి నేల మీద పగ్గం పట్టి కాసేపు నడిపించాలి, అంతే అని చెప్పాను. ఒప్పుకున్నాడు గానీ చాలా టెన్షన్ పడ్డాడు.

మేకపోతు

ఇది అనుకోకుండా అదే కేసులో భాగమైంది. మేత మార్పు మొదలైన కొన్నాళ్లకి ఫోను, పోతు ముక్కుతోంది, మలబద్ధకం, ఆముదం పట్టించాం అని. వెళ్లి చూస్తే తోక ఆడిస్తూ, వీపు వంచి, పొట్ట కింద వెంట్రుకల చివర ఇసుకలాంటి నలుసులు అంటుకుని, మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతోంది. బాన అడుగున మిగిలిన చిక్కటి తవుడు రోజూ తాగింది ఇదే. గొర్రెపోతులు, మేకపోతుల్లో, ముఖ్యంగా చిన్నప్పుడే కొట్టించినవాటిలో మూత్రనాళం సన్నగా ఉండిపోతుంది, ఫాస్ఫరస్ ఎక్కువైన మేతతో మూత్రంలో రాళ్లు కడతాయి, అవి నాళం చివర ఉండే సన్నటి పురుగులాంటి కొసలో ఇరుక్కుంటాయి. కూర్చోబెట్టి ఆ కొస కత్తిరిస్తే ధార వచ్చింది. అన్నిసార్లూ ఇంత తేలిగ్గా పోదు, పైన ఇరుక్కుంటే ఆపరేషనే, మూత్రకోశం పగిలితే అదీ లేదు. తర్వాత కొన్నాళ్లు నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్, నీళ్లలో కలిపి పట్టించాం. నవాసాగరం అనగానే పెద్దావిడ అనుమానంగా చూసింది, ఒకప్పుడు నాటుసారా బట్టీల్లో వాడేవాళ్లు కదా. మూత్రాన్ని పులుపు చేసి ఫాస్ఫేటు రాళ్లని కరిగిస్తుందమ్మా అంటే సరేనంది.

అప్పుడు కూర్చుని ఆవిడతో ఒక ఒప్పందానికొచ్చాం. ఒకే బాన తీసేసి రెండు పెట్టాలి. తవుడు బాన గేదెలది, పాలిచ్చేదానికి తవుడు అవసరమే, మానొద్దు, కొద్దిగా మినరల్ మిక్చర్ కలుపుకోవాలి. గుర్రానికీ మేకలకీ ఆ బాన కడుగు కూడా పోయొద్దు. మూత్రాలు చూడటం కూడా ఆవిడకే అప్పగించాను, ఎందుకంటే తెల్లారి పాకలో ఉండేది ఆవిడే. గేదెది ఎర్రబడితే, గుర్రానిది తేటబడితే, పోతుది చుక్కలు పడితే ఫోను చెయ్యాలి. గుర్రం మూత్రం వీడియోలు కొడుకు ఫోను నుంచి నాకు వస్తూనే ఉన్నాయి, మా ఇంట్లోవాళ్లు నా ఫోను ముట్టుకోవడం మానేశారు.

ఎలా కోలుకుంది

మొదట మారింది మూత్రమే, మూడు నాలుగు వారాల్లో మసకబారింది. నెల దాటాక తొట్టె కింద గడ్డి ఉండలు తగ్గాయి, అంటే పళ్లు పట్టు చిక్కి నమలగలుగుతోంది. నడకలో బిగువు మూడో నెలకి గానీ వదల్లేదు, అందులోనూ తెల్లారి లేచేటప్పుడు ఇంకొన్నాళ్లు ముందు కాళ్లు జాగ్రత్తగా వేసేది. ముఖం మీద ఉబ్బు మెత్తబడలేదు, కొంచెం అంచు తగ్గిందంతే. అది ఉండిపోతుందని ముందే చెప్పాను, పెళ్లిళ్లకి ముఖానికి జరీ తొడుగు ఉంటుంది కదా సార్ అన్నాడు. మూత్రం ఫాస్ఫరస్ పరీక్ష మళ్లీ చేయిస్తే శాతం ఒకటిలోపుకి దిగింది. తవుడు నూనె లేక వెంట్రుకల నిగనిగ తగ్గింది, దాంతో చుట్టాలంతా గుర్రం పాడైపోయిందన్నారు. రోజూ రెండు చెంచాల నూనె గుగ్గిళ్లలో కలపమన్నాను, ఫాస్ఫరస్ లేకుండా మెరుపు వస్తుంది.

మధ్యలో ఒక చిక్కొచ్చింది, వరద. గోదావరి పొంగి గట్టు ఇవతల బోదెలు ఎదురుతన్నితే గరికంతా వారం పైగా నీళ్లలో మునిగి కుళ్లింది, పశువులన్నిటినీ గట్టు మీదకి తోలారు. అక్కడ అందరికీ దొరికేది వరిగడ్డి, తవుడు బస్తాలు. యజమాని ముందే జాగ్రత్తపడి ఎండు పిల్లిపెసర మోపులు అటక మీదకి ఎక్కించి ఉంచాడు, ఉలవలు, కాల్సైట్ డబ్బాల్లో ఉన్నాయి. తడిసి బూజుపట్టిన వరిగడ్డి గేదె తింటే తిననివ్వండి గానీ గుర్రానికి వద్దని చెప్పాను (నిజానికి గేదెకీ మంచిది కాదు, కానీ గట్టు మీద ఉన్నప్పుడు అన్నీ కుదరవు). ఒట్టి వరిగడ్డి మీద గుర్రం నాలుగు రోజులుంటే పేగులో ముద్దకట్టి కడుపునొప్పి వస్తుంది, అందుకే నీళ్లు ఎక్కువ తాగేలా ఉప్పు కాస్త పెంచాం. వరద తీశాక మళ్లీ గరిక పచ్చబడే వరకు నేపియర్ తప్పలేదు.

ప్రస్తుతం డీసీపీ ఆపేశాం. గరిక, పిల్లిపెసర దొరికినన్నాళ్లు కాల్సైట్ రోజుకి 30 గ్రాములు. నేపియర్ తప్పని రోజుల్లో ఆరు కిలోలకి మించకుండా, బాగా ముదిరాకే కోసి, ఆ రోజుల్లో కాల్సైట్ 60 గ్రాములు. మనిషి ఎక్కడం మొదలైంది, కిలోమీటరు లోపు ఊరేగింపులకి మాత్రమే, గంతులు లేవు, రెండు పెళ్లిళ్ల మధ్య వారం విశ్రాంతి. పెద్ద గేదె మళ్లీ చూడితో ఉంది, ఈనబోయే నెలలో దాని తవుడు ఎంత పెంచాలో పెద్దావిడ అడిగి గోడ మీద విడిగా రాయించుకుంది.